ఆరు నెలల పాపకి క్రెచ్‌లో ఏం నేర్పుతారు? సిలబస్ కన్నా ఆయాల లెక్క ఎందుకు ముఖ్యం

క్లుప్తంగా: మూడేళ్ల లోపు పిల్లలకి డేకేర్‌లో జరిగే చదువంటే పాలు పట్టడం, డైపర్ మార్చడం, నిద్రపుచ్చడం, ఈ పనులన్నీ చేస్తూ వాళ్లతో మాట్లాడటం. అది ఎంత బాగా జరుగుతుందో తేల్చేవి ముఖ్యంగా రెండు: ఒక ఆయాకి ఎంతమంది పిల్లలు, రోజూ అదే ఆయానా లేక మారిపోతుంటారా. మన దగ్గర రూల్స్ క్రెచ్ పెట్టమని చెప్పిన గట్టిదనం ఈ రెండు లెక్కల దగ్గర చూపించలేదు.

హైదరాబాద్‌లో కొండాపూర్, గచ్చిబౌలి వైపు చాలా డేకేర్ల బోర్డుల మీద "6 నెలల నుంచి అడ్మిషన్లు" అని ఉంటుంది, లోపలికెళ్లి అడిగితే ఒక పాంప్లెట్ ఇస్తారు, అందులో బ్రెయిన్ డెవలప్‌మెంట్ ప్రోగ్రాం, సెన్సరీ కరికులం, ఫ్లాష్ కార్డులు అని రకరకాలు ఉంటాయి. ఇంట్లో అమ్మమ్మేమో "ఇంకా సరిగ్గా కూర్చోవడమే రాలేదు, దానికి చదువేంటి" అంటుంది. నిజానికి ఈ రెండు మాటల్లోనూ కొంచెం కొంచెం తప్పుంది. ఆరు నెలల పిల్లలు విపరీతంగా నేర్చుకుంటారు, కాకపోతే పాంప్లెట్‌లో రాసిన దారిలో కాదు.

## ఆ "6 నెలలు" అనే లెక్క ఎక్కడిది

ఇది పిల్లల డాక్టర్లు తేల్చిన వయసేమీ కాదు, ఎక్కువగా లీవ్ లెక్క. 1961 నాటి మెటర్నిటీ బెనిఫిట్ చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లల వరకు జీతంతో కూడిన సెలవుని 12 వారాల నుంచి 26 వారాలకి పెంచారు, 50 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థ క్రెచ్ సౌకర్యం పెట్టాలన్నారు, తల్లి రోజుకి 4 సార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చన్నారు. 26 వారాలంటే దగ్గర దగ్గర ఆరు నెలలు. అయితే ఇందులో 8 వారాల దాకా కాన్పుకి ముందే వాడుకోవచ్చు, అలా ముందే వాడుకున్న వాళ్లకి కాన్పు తర్వాత మిగిలేది 18 వారాలే, అంటే పాపకి నాలుగు నెలలు దాటగానే ఆఫీసు నుంచి పిలుపు వచ్చేస్తుంది.

వేరే దేశాల్లో ఈ లెక్క వేరు కాబట్టి అక్కడి నర్సరీ గదులూ వేరుగా ఉంటాయి. స్వీడన్‌లో తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల సెలవు ఉంది, ప్రీస్కూల్ ఏడాది వయసు నుంచి మొదలవుతుంది, అందుకే ఏడాది లోపు పిల్లల గది అనేది అక్కడ పెద్దగా కనిపించదు. అమెరికాలో రివర్స్, 1993 నాటి ఫెడరల్ చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా. కాబట్టి రెండు మూడు నెలల పసికందులు కూడా డేకేర్‌కి వెళ్తారు, ఆ గ్యాప్ పూడ్చడానికే మన తెలుగు కుటుంబాల్లో అమ్మమ్మలు నాయనమ్మలు ఒకరి తర్వాత ఒకరు విజిటర్ వీసా మీద వంతులేసుకుని వెళ్లొస్తుంటారు.

మన 26 వారాల దగ్గర ఇంకో చిక్కు ఉంది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. సరిగ్గా ఆరో నెల చుట్టూనే పాప జీవితంలో రెండు పెద్ద మార్పులు వస్తాయి. ఒకటి తిండి, అప్పటిదాకా తల్లిపాలే, ఇప్పుడు అన్నప్రాసన చేసి ఉగ్గు, మెత్తటి అన్నం మొదలుపెడతారు. రెండోది మనుషుల్ని గుర్తుపట్టడం. నాలుగు నెలలప్పుడు ఎవరెత్తుకున్నా నవ్వే పిల్ల ఏడెనిమిది నెలలకి వచ్చేసరికి కొత్త మొహం చూడగానే పెదవి విరిచి ఏడుస్తుంది, అమ్మ పక్క గదిలోకి వెళ్లినా వెతుక్కుంటుంది. ఇది మొండితనం కాదు, "వీళ్లు నావాళ్లు" అనే లెక్క బుర్రలో కుదురుకుంటోందని గుర్తు. అంటే కొత్త మనుషుల చేతికి ఇవ్వాల్సిన టైమూ, కొత్త మనుషులంటే భయం మొదలయ్యే టైమూ ఒకేసారి వచ్చి పడుతున్నాయి. క్రెచ్‌లో మొదటి నెల అంత కష్టంగా గడవడానికి సగం కారణం ఈ క్యాలెండరే.

## పసిపిల్లలు నేర్చుకునేది మనిషి నుంచే

పుట్టిన తొలి ఏళ్లలో మెదడులో సెకనుకి పది లక్షలకి పైగా కొత్త కనెక్షన్లు ఏర్పడతాయని హార్వర్డ్‌లోని చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్ చెప్తుంది, ఈ నంబర్ చాలా డేకేర్ వెబ్‌సైట్లలో కనిపిస్తుంది. దాని పక్కనే ఉన్న అసలు సంగతి మాత్రం కనిపించదు. ఆ కనెక్షన్లలో ఏవి నిలబడతాయి, ఏవి రాలిపోతాయి అన్నది చాలావరకు రానూ పోనూ మాటల మీద ఆధారపడి ఉంటుంది. పాప "ఉంగా" అంటుంది, ఎదుటివాళ్లు "ఉంగానా? అవునా? ఇంకేం చెప్తావ్?" అంటారు, పాప మళ్లీ ఏదో అంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు సరదాగా చేసే పనే ఇది, పరిశోధకులు దీన్ని సర్వ్ అండ్ రిటర్న్ అంటారు.

జవాబు రాకపోతే ఏమవుతుందో 1970ల్లో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ చేసిన ప్రయోగంలో కనబడుతుంది. తల్లి కాసేపు పాపతో మామూలుగా ఆడుతుంది, తర్వాత కొద్ది నిమిషాలు మొహంలో ఏ కదలికా లేకుండా కూర్చుంటుంది. పాప మొదట నవ్వుతుంది, వేలు చూపిస్తుంది, అరుస్తుంది, ఎన్ని చేసినా స్పందన లేకపోయేసరికి మొహం తిప్పేసుకుని ఏడుపు లంకించుకుంటుంది. తల్లి అక్కడే ఉంది, ఆకలి లేదు, తడి లేదు, అయినా ఏడుపు ఆగదు. క్రెచ్‌లో ఫోన్ చూసుకుంటూ పిల్లని ఒళ్లో పెట్టుకున్న ఆయా విషయంలో కూడా ఈ లెక్క వర్తిస్తుంది, ఇంట్లో ఫోన్ చూసుకునే తల్లిదండ్రుల విషయంలోనూ అంతే.

భాష దగ్గర ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ కెనడాలో ఇంగ్లీష్ ఇళ్లల్లో పెరిగే పిల్లలకి హిందీలో ఉండే త, ట శబ్దాల తేడా వినిపించి పరీక్షించారు. ఇంగ్లీష్ మాట్లాడే పెద్దవాళ్లకి ఆ తేడా పట్టడం కష్టం, "తాత" అనమంటే "టాటా" అన్నట్టు పలికేది అందుకే. 6-8 నెలల పిల్లలు మాత్రం ఆ తేడా పట్టేశారు, 10-12 నెలలకి వచ్చేసరికి చాలామందిలో ఆ పట్టు తగ్గిపోయింది. చుట్టూ వినబడని శబ్దాల మీద మెదడు ఖర్చు తగ్గించేసుకుంటుందన్నమాట. మొదటి మాట నోట్లోంచి రాకముందే ఇంత పని జరిగిపోతోంది.

మరి టీవీ పెడితే సరిపోదా అంటే, 2003లో ప్యాట్రీషియా కూల్ బృందం దాన్నే చూసింది. 9 నెలల అమెరికన్ పిల్లల్లో కొందరితో ఒక చైనీస్ మనిషి ఎదురుగా కూర్చుని 12 సార్లు ఆడుతూ మాట్లాడారు, ఇంకొందరికి అవే మాటలు వీడియోలో చూపించారు. మనిషితో గడిపిన వాళ్లు మాండరిన్, అంటే చైనీస్ భాష శబ్దాల తేడా పట్టుకున్నారు, వీడియో పిల్లలకి ఏమీ అంటలేదు. రైమ్స్ పెట్టి పిల్లల్ని స్క్రీన్ ముందు కూర్చోబెట్టే డేకేర్ ఏది అమ్ముతున్నట్టు అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. డబ్ల్యూహెచ్‌ఓ 2019 గైడ్‌లైన్స్ అయితే ఏడాది లోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దనే చెప్తాయి.

## రెండు ఉదాహరణలు, రెండు చివర్లు

ఈ స్పందన అసలు లేకపోతే ఎంత నష్టమో రొమేనియా అనాథాశ్రమాల్లో తేలింది. అక్కడ పిల్లలకి తిండి, బట్ట, మంచం ఉన్నాయి, ఎత్తుకుని మాట్లాడే మనిషి మాత్రం దాదాపు లేదు. బుకారెస్ట్‌లో 2000 ప్రాంతంలో మొదలైన అధ్యయనంలో 136 మంది చిన్నపిల్లల్ని తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం మందిని పెంపుడు కుటుంబాలకి పంపారు. వాళ్ల ఐక్యూ, మనుషులతో అనుబంధం, మెదడు పనితీరు మెరుగుపడ్డాయి, రెండేళ్ల లోపే కుటుంబంలోకి వెళ్లిన వాళ్లలో ఆ తేడా చాలా విషయాల్లో ఎక్కువ కనిపించింది.

రెండో చివర జమైకా. 1986-87లో కింగ్‌స్టన్‌లో ఎదుగుదల తగ్గిన 129 మంది పిల్లల మీద ఒక ప్రయోగం మొదలైంది. వాళ్లలో కొందరి ఇళ్లకి మామూలు ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒక గంట చొప్పున రెండేళ్లు వెళ్లారు, చేతితో చేసిన బొమ్మలతో పిల్లతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చూపించారు, అంతే. 22 ఏళ్ల వయసు వచ్చేసరికి, ఆ ఆట దొరకని వాళ్లకన్నా వీళ్ల సంపాదన 25 శాతం ఎక్కువ ఉందని తేలింది. ఖరీదైన సామాను లేదు, పీహెచ్‌డీ టీచర్లు లేరు.

2018లో డబ్ల్యూహెచ్‌ఓ, యూనిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి తెచ్చిన నర్చరింగ్ కేర్ ఫ్రేమ్‌వర్క్ వెనక ఉన్నది ఇలాంటి సాక్ష్యమే. ఆరోగ్యం, పోషణ, భద్రత, పిల్ల సంకేతానికి స్పందించే పెంపకం, తొలి నేర్పు అని అయిదింటిని అది ఒకే కట్టగా చూస్తుంది. మన ప్రభుత్వ పథకాలకి మొదటి రెండూ బాగా అలవాటు, చివరి రెండూ కొత్త.

## డైపర్ మార్చే బల్ల దగ్గర

1946లో బుడాపెస్ట్‌లో లోట్సీ వీధిలో ఎమ్మీ పిక్లర్ అనే పిల్లల డాక్టరమ్మ ఒక శిశుగృహం నడపడం మొదలుపెట్టింది. ఆమె పద్ధతి వినడానికి మామూలుగా ఉంటుంది. ఎత్తుకునే ముందు పాపకి చెప్పాలి, చేతులు చాపి ఒక క్షణం ఆగాలి, చొక్కా తొడిగేటప్పుడు "చెయ్యి ఇవ్వు" అని అడిగి పిల్ల కదిలేదాకా చూడాలి, హడావిడి పడకూడదు. మిగతా టైంలో నేల మీద వదిలేసి తనంతట తను ఆడుకోనివ్వాలి. ఇక్కడ డైపర్ మార్చడం అనేది గబగబా కానిచ్చే పని కాదు, ఒక పిల్లకి ఒక పెద్ద మనిషి పూర్తిగా దొరికే అయిదు నిమిషాలు.

మన ఇళ్లల్లో నలుగు పెట్టి స్నానం చేయించేటప్పుడు జరిగేదీ కొంచెం ఇలాంటిదే. కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తూ, "ఇది పాప కాలు, ఇది పాప ముక్కు" అంటూ సాగే ఆ అరగంటలో శరీరం పేర్లు, స్పర్శ, లయ అన్నీ కలిసే వస్తాయి. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచే అలవాటు కూడా ఎదుగుదల మైలురాళ్లని ఇంట్లో అందరూ గమనించేలా చేసిన ఏర్పాటే అనుకోవచ్చు. పాత పద్ధతులన్నీ సరైనవని కాదు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు లాంటివి నిద్ర భద్రత సలహాలకి విరుద్ధం, ఏడాది లోపు పిల్లల్ని గట్టి సమతలమైన పరుపు మీద, దిండు లేకుండా, వెల్లకిలా పడుకోబెట్టమనే చెప్తారు. అమెరికాలో 1994లో ఈ ప్రచారం మొదలయ్యాక నిద్రలో జరిగే ఆకస్మిక శిశు మరణాలు దాదాపు సగానికి తగ్గాయి.

ఇప్పుడు క్రెచ్‌లో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం, ఇది అంచనా మాత్రమే. ఒక పాపకి రోజులో నాలుగు డైపర్లు, ఒక్కోదానికి 5 నిమిషాలు, మొత్తం 20. మూడుసార్లు తిండి లేదా పాలు, ఒక్కోసారి 15 నిమిషాలు, మొత్తం 45. రెండుసార్లు నిద్రపుచ్చడం, 10 చొప్పున 20. అంతా కలిపి 85 నిమిషాలు. 8 గంటల డ్యూటీ అంటే 480 నిమిషాలు. ముగ్గురు పిల్లలుంటే ఆయాకి 255 నిమిషాలు పోతాయి, మిగతా టైంలో ఆడించొచ్చు, కబుర్లు చెప్పొచ్చు. అయిదుగురుంటే 425, ఊపిరి తీసుకోవడానికి గంట కూడా ఉండదు. పది మందిని ఒక్కరే చూడాలంటే 850 నిమిషాలు కావాలి, అది కుదిరే పని కాదు కాబట్టి ఏదో ఒకటి కోతపడుతుంది, ముందు పోయేది మాటే, తర్వాత సీసాని దిండుకి ఆనించి పెట్టడం లాంటివి మొదలవుతాయి. ఆయా మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న చాలాసార్లు ఈ కూడికల తర్వాతే వస్తుంది.

## మన రూల్స్ ఏమంటున్నాయి

ఇంగ్లండ్‌లో రెండేళ్ల లోపు ముగ్గురు పిల్లలకి ఒక మనిషి ఉండాలి, పైగా ప్రతి పిల్లకీ ఒక కీ పర్సన్‌ని, అంటే ఆ పిల్లని ప్రత్యేకంగా చూసుకునే ఒక మనిషిని కేటాయించాలి. కాలిఫోర్నియా సెంటర్లలో పసిపిల్లలకి నలుగురికి ఒకరు. మన దగ్గర 2017 సవరణ తర్వాత కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఇచ్చిన కనీస మార్గదర్శకాల్లో మూడేళ్ల లోపు అయితే పది మందికి ఒక క్రెచ్ వర్కర్, వాళ్లతో పాటు ఒక హెల్పర్. హెల్పర్‌ని కూడా కలుపుకుంటే అయిదుగురికి ఒకరు అవుతుంది, కానీ హెల్పర్ ఊడవడం, గిన్నెలు, వంట దగ్గర కూడా ఉంటుంది కాబట్టి ఆ లెక్క కాగితం మీదే నిలబడుతుంది.

కార్పొరేట్ ఆఫీసుల బయట పరిస్థితి వేరు, క్రెచ్ అవసరం ఎక్కువ ఉన్నది కూడా అక్కడే. 1969లో ఢిల్లీలో భవన నిర్మాణ కూలీల పిల్లల కోసం మీరా మహదేవన్ మొబైల్ క్రెషెస్ అనే సంస్థ మొదలుపెట్టారు, ఇటుకల మధ్య మట్టిలో పడుకున్న పిల్లల కోసం. తర్వాత 2006లో రాజీవ్ గాంధీ పేరుతో జాతీయ క్రెచ్ పథకం వచ్చింది, పేరు మారుతూ ఇప్పుడు మిషన్ శక్తి కింద పాల్నా అయింది. పాల్నాలో అంగన్‌వాడీ కమ్ క్రెచ్‌లు 17,000 పెట్టాలని లక్ష్యం, 6 నెలల నుంచి 6 ఏళ్ల పిల్లలు, నెలకి 26 రోజులు, రోజుకి ఏడున్నర గంటలు. ఒక్కోదానిలో 25 మంది దాకా పిల్లలు, వాళ్లకి ఒక వర్కర్, ఒక హెల్పర్. పాకే పాప, పరిగెత్తే అయిదేళ్ల పిల్లాడు ఒకే గదిలో ఉంటారన్నమాట, పైన వేసిన లెక్క ఇక్కడ పెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. దేశంలో ఉన్న దాదాపు 14 లక్షల అంగన్‌వాడీల పక్కన 17,000 అంటే నూటికి ఒకటి పైచిలుకు.

మామూలు అంగన్‌వాడీకి మూడేళ్ల లోపు పిల్లతో ఉన్న సంబంధం ఎక్కువగా ఒక ప్యాకెట్‌తో నడుస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఇంటికి తీసుకెళ్లే బాలామృతం అదే. బరువు తూస్తారు, పొడి ఇస్తారు, టీకాలు గుర్తుచేస్తారు, గదిలో కూర్చుని ఆడుకునేది మాత్రం మూడేళ్లు దాటిన వాళ్లు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందని చెప్తూనే, చదువుని ఏళ్ల లెక్కన విడగొట్టిన దాని 5+3+3+4 మెట్లని మూడో ఏట నుంచి మొదలుపెట్టింది. ఈ ఖాళీని చూసే 2024 మార్చిలో నవచేతన అనే ఫ్రేమ్‌వర్క్ విడుదల చేశారు, పుట్టిన దగ్గర్నుంచి 36 నెలల దాకా నెలవారీగా 140 యాక్టివిటీలు అందులో ఉన్నాయి, ఇంటికి వెళ్లే ఆశా, అంగన్‌వాడీ టీచరు, క్రెచ్ వర్కర్ ముగ్గురూ వాడుకునేలా. కంటెంట్ బాగుంది, జమైకా లాంటి ఆలోచనే. అయితే అంగన్‌వాడీ టీచర్ల చేతిలో ఇప్పటికే రిజిస్టర్లు, పోషణ్ ట్రాకర్ యాప్ ఎంట్రీలు ఉన్నాయి, వారానికి గంట ఒక్కో ఇంట్లో కూర్చునే టైం ఎక్కడ్నుంచి వస్తుందో తేలలేదు.

## క్రెచ్‌లో వేస్తే అమ్మ ప్రేమ తగ్గుతుందా

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. అమెరికాలో పిల్లల ఆరోగ్యం మీద పనిచేసే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీహెచ్‌డీ 1991లో మొదలుపెట్టిన అధ్యయనం 10 ప్రాంతాల్లో 1,364 కుటుంబాల్ని ఏళ్ల తరబడి చూసింది. డేకేర్‌కి వెళ్లినంత మాత్రాన తల్లితో అనుబంధం దెబ్బతినలేదు. ఇంట్లో స్పందన తక్కువ ఉండి, దానికి తోడు డేకేర్ కూడా నాసిరకమైతేనో, ఎక్కువ గంటలైతేనో మాత్రం రిస్క్ పెరిగింది. నాణ్యత బాగున్న చోట భాష కాస్త మెరుగ్గా, గంటలు చాలా ఎక్కువైన చోట అల్లరి, దుడుకుతనం కాస్త ఎక్కువగా కనిపించాయి, రెండూ చిన్న తేడాలే.

కెనడాలో క్యుబెక్ రాష్ట్రం 1997లో రోజుకి 5 డాలర్లకే చైల్డ్‌కేర్ తెచ్చినప్పుడు తల్లుల ఉద్యోగాలు బాగా పెరిగాయి, సీట్లు వేగంగా పెంచారు. తర్వాత బేకర్, గ్రూబర్, మిలిగన్ అనే ఆర్థికవేత్తలు చూస్తే ఆ పిల్లల్లో సగటున ఆందోళన, దూకుడు, జబ్బులు పెరిగినట్టు కనిపించింది. దీన్ని పట్టుకుని క్రెచ్‌లే వద్దనే వాళ్లున్నారు గానీ, సీట్ల సంఖ్య పెంచినంత స్పీడుగా నాణ్యత పెంచలేకపోతే ఏమవుతుందన్న హెచ్చరికగా చదవడమే ఎక్కువ సరిపోతుంది. 17,000 లక్ష్యం పెట్టుకున్న చోట ఇది పనికొచ్చే ఉదాహరణ.

## విజిట్‌కి వెళ్తే చూడదగ్గవి

సీసీటీవీ చాలామందికి మొదటి ప్రశ్న. కెమెరా దెబ్బని, కింద పడటాన్ని చూపిస్తుంది, ఏడ్చినప్పుడు ఎంతసేపటికి ఎత్తుకున్నారో కూడా ఓపిగ్గా చూస్తే తెలుస్తుంది, ఏం మాట్లాడారో మాత్రం ఆడియో లేకపోతే తెలీదు. అంతకన్నా తిండి టైంలో వెళ్తే ఎక్కువ బయటపడుతుంది: పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ఒకే స్పూనుతో గబగబా పెట్టేస్తున్నారా, పాప మొహం తిప్పేస్తే ఆగుతున్నారా. వాకర్లు బారులు తీరి ఉంటే అది ఆలోచించాల్సిన విషయం, కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. బౌన్సర్, హై చైర్ లాంటి వాటిలో గంటకి మించి ఒకేసారి కట్టి కూర్చోబెట్టొద్దని, ఇంకా పాకని పిల్లల్ని రోజంతా కలిపి కనీసం 30 నిమిషాలు బోర్లా ఆడించాలని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది. ఫ్లాష్ కార్డుల వల్ల హాని పెద్దగా లేదు, ఆ టైం పోవడమే. ఇక అడగడం మర్చిపోయే ప్రశ్న ఒకటుంది, ఈ గదిలో ఆయాలు ఎన్నాళ్ల నుంచి పనిచేస్తున్నారని. జీతం తక్కువున్న చోట ఆయాలు తరచూ మారతారు, ఆయా మారిన ప్రతిసారీ పాపకి ఆ ఏడో నెల భయం మళ్లీ మొదటికొస్తుంది.

చేర్చే పద్ధతి కూడా ఆ కోవలోదే. జర్మనీలో చాలా క్రెచ్‌లు బెర్లిన్ మోడల్ అనేది పాటిస్తాయి. మొదటి మూడు రోజులు తల్లో తండ్రో పాపతో పాటు గదిలోనే ఓ మూల కూర్చుంటారు, విడిపోవడం అసలు ఉండదు. నాలుగో రోజు మొదటిసారి కొద్దిసేపు బయటికెళ్తారు, అరగంటకి మించకుండా. ఆయా ఎత్తుకుంటే పాప ఊరుకుందా లేదా చూసి, మిగతా రోజులు ఎన్నో అప్పుడు తేలుస్తారు, రెండు మూడు వారాలు పట్టొచ్చు. మన దగ్గర ఎక్కువగా జరిగేది వేరు, సోమవారం ఆఫీసులో జాయినింగ్, అదే సోమవారం పాపకి క్రెచ్‌లో మొదటి రోజు, గేటు దగ్గరే అందుకుని తలుపేసేస్తారు. 26 వారాల్లో ఆఖరి రెండు వారాలు దీనికి అట్టేపెట్టుకుందామనుకునే తల్లులకి కూడా కొన్ని చోట్ల హైజీన్ పేరు చెప్పి "పేరెంట్స్ లోపలికి రాకూడదు" అంటారు. ఆ రూల్ విషయంలో అడ్మిషన్ ఫీజు కట్టకముందే మాట్లాడుకోవాలి, కట్టాక అడిగితే మార్చడం కష్టం.